ఒక ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చే సంభావ్యతను లెక్కకట్టడం: అడుగడుగునా ఒక మార్గదర్శిని

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 మాగ్నిట్యూడ్‌తో భూమి కంపించినప్పుడు, హైదరాబాదు నుంచి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఇంతకంటే పెద్దది వస్తుందా? ఫలానా రోజున, ఫలానా చోట వస్తుందని చెప్పగల విద్య ఎవరి దగ్గరా లేదు. అయితే రాబోయే 50 ఏళ్లలో ఒక ప్రాంతంలో ఒక స్థాయికి మించిన భూకంపం రావడానికి ఎంత సంభావ్యత ఉందో, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చో లెక్కకట్టే పద్ధతి మాత్రం ఉంది. ఇంటర్మీడియట్ స్థాయి సంవర్గమానాలు, ఒక స్ప్రెడ్‌షీట్, కొంత ఓపిక ఉన్నవారెవరైనా ఈ లెక్క చేయవచ్చు. లెక్క తేలికే గాని అందులో జారిపడే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి, ఈ వ్యాసంలో సూత్రాల కంటే ఆ చోట్లకే ఎక్కువ స్థలం ఇస్తున్నాను.

ముందుగా మాటల సంగతి. మన పత్రికలు ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత’ అని రాస్తాయి. శాస్త్రంలో తీవ్రత అంటే ఒక ఊళ్లో కంపం ఎంత బలంగా తెలిసింది, ఎంత నష్టం చేసింది అన్నది; అది ఊరూరికీ మారుతుంది. భూకంపం మూలంలో ఎంత పెద్దదో చెప్పేది మాగ్నిట్యూడ్. ఒక భూకంపానికి అది ఒక్కటే. ఇక్కడ లెక్కించేది మాగ్నిట్యూడ్ సంభావ్యతను. ఇది సంవర్గమాన కొలత కనుక ఒక అంకె పెరిగితే కంపన పరిమితి 10 రెట్లు, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి.

ఆధార సూత్రం

బెనో గూటెన్‌బర్గ్, చార్లెస్ రిక్టర్ 1944లో కాలిఫోర్నియా భూకంపాలను లెక్కపెట్టి ఒక క్రమాన్ని చూపారు. ఒక మాగ్నిట్యూడ్‌కు మించిన భూకంపాల సంఖ్య సంవర్గమానాన్ని గ్రాఫు మీద గుర్తిస్తే, మాగ్నిట్యూడ్ పెరిగేకొద్దీ అది దాదాపు సరళరేఖలో దిగుతుంది. ఆ రేఖ వాలునే బి-విలువ అంటారు. బి-విలువ 1 అయితే మాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగిన ప్రతిసారీ భూకంపాల సంఖ్య పదో వంతుకు పడిపోతుంది.

ప్రపంచ గణాంకాలతో దీన్ని సరిచూసుకోవచ్చు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ చాలాకాలం ప్రచురించిన వార్షిక సగటుల ప్రకారం 5 నుంచి 5.9 వరకు 1,319, 6 నుంచి 6.9 వరకు 134, 7 నుంచి 7.9 వరకు 15, 8 లేదా అంతకు మించినది 1. వీటిని పైనుంచి కిందికి కలుపుకుంటూ వస్తే 8కి మించినవి 1, 7కి మించినవి 16, 6కి మించినవి 150, 5కి మించినవి 1,469 అవుతాయి. 10 ఆధారంగా సంవర్గమానాలు తీస్తే 0, 1.20, 2.18, 3.17. కింది రెండు మెట్ల తేడాలు 0.99, 0.97, అంటే బి-విలువ 1కి అతి దగ్గర. పై మెట్టు తేడా 1.20 వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. ఏడాదికి ఒకటిగా గుండ్రం చేసిన సంఖ్య నుంచి అంతకంటే ఖచ్చితత్వం ఆశించరాదు. ఈ చిన్న లెక్కను ఒకసారి చేతితో చేసి చూసుకున్నాకే ముందుకు వెళ్లమని నా సలహా.

జాబితా తయారీ

మన దేశానికి సంబంధించిన భూకంపాల వివరాలు ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం దగ్గర దొరుకుతాయి. ప్రతి భూకంపానికీ తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం, లోతు, మాగ్నిట్యూడ్, ఆ మాగ్నిట్యూడ్ ఏ రకానిదన్న వివరం, ఇవన్నీ ఒక్కో నిలువు వరుసలో ఉండాలి. చివరి వివరాన్ని చాలామంది వదిలేస్తారు. స్థానిక మాగ్నిట్యూడ్, దేహతరంగ మాగ్నిట్యూడ్, ఉపరితలతరంగ మాగ్నిట్యూడ్, మొమెంట్ మాగ్నిట్యూడ్ అన్నవి నాలుగు వేర్వేరు కొలతలు. దేహతరంగ మాగ్నిట్యూడ్ 6 దాటాక భూకంపం ఎంత పెద్దదైనా పెద్దగా పెరగదు. అందుకే అన్నింటినీ, అలా ఆగిపోని మొమెంట్ మాగ్నిట్యూడ్‌లోకి, ఆ ప్రాంతానికి ప్రచురితమైన మార్పిడి సమీకరణాల ద్వారా తెచ్చుకోవాలి. మార్పిడిలో అన్ని విలువలూ 0.1 అటో ఇటో జరిగితే, బి-విలువ 1 ఉన్నచోట లెక్కకు వచ్చే భూకంపాల సంఖ్య 26 శాతం వరకు మారిపోతుందని గుర్తుంచుకుంటే, ఈ పనిలో తొందర ఎందుకు కూడదో అర్థమవుతుంది.

ప్రాంతం హద్దులను కూడా ఇప్పుడే, అంటే లెక్క ఫలితం చూడకముందే, గీసి పెట్టుకోవాలి. భూగర్భ నిర్మాణం ఒకే తీరుగా ఉన్న మేర ఒక ప్రాంతం. గోదావరి లోయ వెంబడి ఉన్న భ్రంశాల (భూమి పొరలు విరిగి జరిగిన చీలికల) పట్టీ ఒక సహజమైన హద్దు. తెలంగాణ రాష్ట్ర సరిహద్దు కాదు.

ఎక్కడి నుంచి జాబితా సంపూర్ణం?

ఈ మొత్తం పనిలో అత్యంత కీలకమైన నిర్ణయం ఇదే. చిన్న కంపాలను దూరంగా ఉన్న పరికరాలు పట్టుకోలేవు కాబట్టి ప్రతి జాబితాలోనూ ఒక స్థాయికి కింద లెక్క తప్పుతుంది. ఆ స్థాయిని సంపూర్ణతా మాగ్నిట్యూడ్ అంటారు. దాన్ని కనుక్కోవడానికి 0.1 అంతరంతో ఒక్కో తరగతిలో ఎన్ని భూకంపాలు ఉన్నాయో సోపాన చిత్రం గీయాలి. అన్నిటికంటే ఎత్తయిన దిమ్మె ఏ మాగ్నిట్యూడ్ దగ్గర ఉందో చూసి, దానికి 0.2 కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ శిఖరం అసలు సంపూర్ణతా స్థాయికి కాస్త కిందనే పడుతుందన్న అనుభవం నుంచి ఆ 0.2 వచ్చింది. తర్వాత ఆ అంచనాను 0.1 చొప్పున పెంచుతూ ప్రతిసారీ బి-విలువ లెక్కించి, అది ఎక్కడ నిలకడ పడుతుందో చూడాలి. రెండు పద్ధతులూ వేర్వేరు సమాధానాలిస్తే పెద్దదాన్ని తీసుకోవడం క్షేమం.

ఈ స్థాయిని తక్కువగా ఎంచుకుంటే ఏమవుతుంది? నమోదు కాని చిన్న భూకంపాలను లేవని లెక్కవేసినట్లవుతుంది. రేఖ వాలు తగ్గుతుంది. బి-విలువ కృత్రిమంగా పడిపోయి పెద్ద భూకంపాల సంభావ్యత లేనిపోని ఎత్తుకు చేరుతుంది. ఎక్కువగా ఎంచుకుంటే నష్టం వేరు: దత్తాంశం తగ్గిపోయి, అంచనా చుట్టూ అనిశ్చితి పెరుగుతుంది. మొదటిది తప్పు, రెండోది ఖర్చు.

సంపూర్ణతా స్థాయి కాలంతోపాటు కూడా మారుతుంది. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి దగ్గర వచ్చిన భూకంపం తర్వాత ద్వీపకల్ప భారతంలో పరికరాల సంఖ్య పెరిగింది కనుక, అప్పటినుంచి కనబడే చిన్న కంపాల పెరుగుదల భూమిలో వచ్చిన మార్పు కాదు, మన చూపులో వచ్చిన మార్పు. దీన్ని సరిదిద్దడానికి 3కి మించినవి గత 25 ఏళ్లకు, 4కి మించినవి 60 ఏళ్లకు, 5కి మించినవి 100 ఏళ్లకు సంపూర్ణమనే తరహాలో ఒక్కో తరగతికి ఒక్కో కాలవ్యవధి కేటాయించాలి. ఈ అంకెలు నమూనా మాత్రమే. మీ జాబితాను బట్టి మీరే నిర్ణయించుకోవాలి. ఇలా కాలవ్యవధులు వేరైనప్పుడు బి-విలువను రాబట్టే పద్ధతిని వైకర్ట్ 1980లో ప్రచురించారు. భూకంప ప్రమాద అంచనాల్లో నేటికీ అదే వాడుతున్నారు.

అనంతర ప్రకంపనలను వేరుచేయడం

ఒక వ్యవధిలో ఒక ఘటన ఎన్నిసార్లు జరగవచ్చో లెక్కించడానికి మనం చివర్లో వాడబోయే పాయిజాన్ విభాజనం ఒక భూకంపానికీ మరొకదానికీ సంబంధం లేదని భావిస్తుంది. ప్రధాన కంపం వెంట గుంపుగా వచ్చే అనంతర ప్రకంపనలు ఆ భావనకు సరిపోవు. గార్డ్‌నర్, నోపాఫ్ 1974లో దక్షిణ కాలిఫోర్నియా జాబితా నుంచి అనంతర ప్రకంపనలను తీసేస్తే మిగిలినవి పాయిజాన్ విభాజనానికి లోబడతాయని చూపారు. వారి పట్టిక ప్రకారం 5 మాగ్నిట్యూడ్ భూకంపం తర్వాత 155 రోజుల్లో 40 కిలోమీటర్ల లోపల, 6 అయితే 510 రోజుల్లో 54 కిలోమీటర్ల లోపల వచ్చిన చిన్నవాటిని దాని అనుచరులుగా పరిగణించాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. తీసేసేవి ఎప్పుడూ చిన్న భూకంపాలే కాబట్టి, వడపోసిన జాబితా నుంచి వచ్చే బి-విలువ అసలు దానికంటే తగ్గే ప్రమాదం ఉంది. దీని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. ఏడాదికి ఎన్ని అన్న రేటును వడపోసిన జాబితా నుంచి తీసుకుని, బి-విలువను రెండు జాబితాల నుంచీ లెక్కించి, రెండింటి ఫలితాలనూ పక్కపక్కన చూపడమే సరైన పద్ధతని నేను అనుకుంటాను. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ఆ సంగతి పాఠకుడికి తెలియాలి.

బి-విలువ లెక్క

గ్రాఫు మీద సరళరేఖ గీసి, కనిష్ఠ వర్గాల పద్ధతిలో వాలు తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అలా చేయకూడదు. కూడిక సంఖ్యల్లో ప్రతి బిందువులోనూ దాని పైనున్న బిందువుల లెక్క కలిసే ఉంటుంది కనుక అవి స్వతంత్రమైనవి కావు. పైగా ఒకే ఒక్క భూకంపం మీద నిలబడిన చివరి బిందువుకు, వందల మీద నిలబడిన మొదటి బిందువుతో సమానమైన బరువు దక్కుతుంది. జపాన్ శాస్త్రవేత్త అకి 1965లో ఇచ్చిన మాగ్జిమమ్ లైక్లీహుడ్ (చేతిలో ఉన్న దత్తాంశం రావడానికి ఎక్కువ అవకాశమిచ్చే విలువను ఎంచే) సూత్రం ఇంతకంటే సులువు, ఇంతకంటే నమ్మదగినది: 0.4343ను (సగటు మాగ్నిట్యూడ్ − కనిష్ఠ మాగ్నిట్యూడ్)తో భాగించాలి. మాగ్నిట్యూడ్‌లు 0.1కి గుండ్రం చేసి ఉంటే 3.0 అని రాసినది నిజానికి 2.95 నుంచి మొదలవుతుంది కనుక, కనిష్ఠం నుంచి 0.05 తగ్గించాలి.

ఒక ఊహాత్మక ప్రాంతం తీసుకుందాం. 40 ఏళ్లలో 3.0, అంతకు మించిన స్వతంత్ర భూకంపాలు 120 నమోదయ్యాయి, వాటి సగటు మాగ్నిట్యూడ్ 3.40 అనుకుందాం. బి-విలువ = 0.4343 ÷ (3.40 − 2.95) = 0.4343 ÷ 0.45 = 0.965. దీని ప్రామాణిక దోషాన్ని బి-విలువను భూకంపాల సంఖ్య వర్గమూలంతో భాగించి రాబట్టవచ్చు: 0.965 ÷ 10.95 = 0.088. అంటే 95 శాతం నమ్మకంతో అసలు విలువ సుమారు 0.79కీ 1.14కీ మధ్య ఉంటుంది.

సంభావ్యత లెక్క

ఏడాదికి 3.0కు మించినవి 120 ÷ 40 = 3. వీటిలో ఒకటి 5.5కు మించే అవకాశం 10ని −0.965 × (5.5 − 2.95) ఘాతానికి హెచ్చిస్తే వస్తుంది, అది 0.00346. దాన్ని 3తో గుణిస్తే ఏడాదికి 0.0104, అంటే సగటున 96 ఏళ్లకు ఒకటి. 50 ఏళ్లలో కనీసం ఒకటి వచ్చే సంభావ్యత కోసం 0.0104ను 50తో గుణించి వచ్చిన 0.52ను ఋణ ఘాతంగా 2.718కి ఇచ్చి, ఆ ఫలితాన్ని 1 నుంచి తీసివేయాలి. సమాధానం 0.405, అంటే 40 శాతం.

సగటున 96 ఏళ్లకు ఒకటంటే, ఇప్పుడొకటి వచ్చి వెళ్తే 96 ఏళ్లు నిశ్చింత అని కాదు. పాయిజాన్ విభాజనంలో గడిచిన కాలానికి జ్ఞాపకం లేదు. నిన్న వచ్చినా రేపటి సంభావ్యత అంతే. ప్రపంచం మొత్తంలో 8కి మించినవి సగటున ఏడాదికి ఒకటి అయినా, ఒక్కటీ రాని ఏడాదికి ఈ లెక్క ప్రకారం 37 శాతం అవకాశం ఉంది. భవన నిర్మాణ ప్రమాణాల్లో తరచుగా కనబడే ‘475 ఏళ్ల’ మాట కూడా ఇక్కడి నుంచే పుట్టింది: 50 ఏళ్లలో 10 శాతం సంభావ్యత ఉన్న కంపానికి సగటు వ్యవధి అంత అవుతుంది.

ఆ 40 శాతం ఎంత గట్టిది?

ఇక్కడితో ఆగి 40 శాతం అని ప్రకటించడమే ఈ రంగంలో నేను చూసే అతి పెద్ద పొరపాటు. పై లెక్కనే బి-విలువ 0.79తో చేస్తే 77 శాతం వస్తుంది, 1.14తో చేస్తే 17 శాతం. దత్తాంశం అదే, పద్ధతి అదే, ఎక్కడా తప్పు జరగలేదు. అయినా 17 నుంచి 77 వరకు పరిధి! చిన్న భూకంపాల నుంచి పెద్దవాటి సంఖ్యను ఊహించడమంటే రేఖను దత్తాంశం లేని మేరకు పొడిగించడమే కాబట్టి, వాలులోని స్వల్ప దోషం చివరికి వెళ్లేసరికి ఇలా విప్పుకుంటుంది. సవరణ 0.05ను మరిచిపోయినా బి-విలువ 1.09 అయి, 40 శాతం కాస్తా 25 శాతానికి దిగుతుంది.

కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో పదివేల వరుసలు తీసుకుని, ప్రతి వరుసలో బి-విలువను 0.965 సగటు, 0.088 విచలనం గల సామాన్య విభాజనం నుంచి, వార్షిక రేటును, ధన విలువలు మాత్రమే ఇచ్చే గామా విభాజనం నుంచి యాదృచ్ఛికంగా ఎంచి, సంభావ్యతను లెక్కించండి. వచ్చిన పదివేల సమాధానాలను ఆరోహణ క్రమంలో పెట్టి, 250వది, మధ్యది, 9,750వది రాసుకోండి. ఆ మూడు సంఖ్యలూ కలిసి ఒక సమాధానం. మధ్యదొక్కటే సమాధానం కాదు.

గరిష్ఠ పరిమితి అన్నది ఇంకొక ప్రశ్న. సూత్రాన్ని యథాతథంగా వదిలేస్తే అది 10 మాగ్నిట్యూడ్ భూకంపానికి కూడా సంభావ్యత ఇస్తుంది. భ్రంశం పొడవుకు మించి భూమి చీలదు కనుక ప్రతి ప్రాంతానికీ ఒక గరిష్ఠ మాగ్నిట్యూడ్ పెట్టాలి. మన ఊహాత్మక ప్రాంతానికి 6.5 అని పెడితే, 50 ఏళ్లలో 6.0కు మించిన భూకంపపు సంభావ్యత 16 నుంచి 11 శాతానికి తగ్గుతుంది. అయితే ఈ పరిమితిని గతంలో వచ్చిన పెద్దదాన్ని చూసి మాత్రమే నిర్ణయించడం ప్రమాదకరం. 2011 మార్చి 11న జపాన్‌లోని తోహొకు తీరంలో వచ్చిన 9.0 భూకంపం, ఆ తీరానికి అధికారిక అంచనాల్లో పెట్టుకున్న స్థాయిని దాటి వచ్చింది. రెండు మూడు గరిష్ఠ విలువలు తీసుకుని, ఒక్కోదానికి కొంత బరువు ఇచ్చి లెక్కించడం మేలు.

గోదావరి లోయకు వర్తింపజేసేటప్పుడు

భద్రాచలం దగ్గర 1969లో 5.7, ములుగులో 2024లో 5.3. మధ్య 55 ఏళ్లు. ‘ఇక్కడ 55 ఏళ్లకొకసారి వస్తుంది’ అనే మాట అప్పట్లో చాలాచోట్ల వినిపించింది. రెండు భూకంపాల మధ్య ఉండేది ఒకే ఒక్క విరామం. ఒక్క విరామం నుంచి ఆవర్తనం తేల్చలేము. కాలవ్యవధిని భూకంపం జరిగిన ఏడాదితోనే మొదలుపెట్టి, భూకంపం జరిగిన ఏడాదితోనే ముగించడం కూడా లెక్కను ఒక పక్కకు ఒరిగేలా చేస్తుంది. ఏ వ్యవధిలోనైనా 2 నమోదైతే, పాయిజాన్ లెక్కలో 95 శాతం నమ్మకంతో అసలు సగటు 0.24 నుంచి 7.2 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఐదారు విరామాలు తెలిసినా పరిస్థితి అంత సులువు కాదు. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్‌లో 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో వచ్చిన భూకంపాలను చూసి, తర్వాతిది 1993లోపే వస్తుందని 95 శాతం నమ్మకంతో అంచనా వేశారు. అది 2004 సెప్టెంబరులో వచ్చింది.

దత్తాంశం చాలడం లేదని ద్వీపకల్పమంతటినీ ఒకే గంపలో కలిపితే మరో సమస్య ఎదురవుతుంది. మహారాష్ట్రలోని కోయనా జలాశయం చుట్టూ 1960ల నుంచి కంపాలు ఆగకుండా వస్తున్నాయి. 1967 డిసెంబరులో అక్కడ 6.3 భూకంపం వచ్చింది. అవి నీటిమట్టంతో ముడిపడిన ప్రేరిత భూకంపాలు. వాటి రేటు కాలంతో మారుతుంది. వాటిని కలిపితే జాబితాలో అవే నిండిపోయి, వచ్చే బి-విలువ కోయనాది అవుతుంది గాని గోదావరిది కాదు. కోయనాను వేరే ప్రాంతంగా ఉంచి, మిగిలిన స్థిర ద్వీపకల్పం నుంచి బి-విలువను, గోదావరి లోయ నుంచి రేటును తీసుకోవడం ఉన్నంతలో న్యాయమైన మార్గం.

తక్కువ నమోదైనచోట సంభావ్యత సున్నా అనుకోకుండా ఉండడానికి కిల్లారి గుర్తుంటే చాలు. 1993లో వేలమంది ప్రాణాలు తీసిన ఆ 6.2 భూకంపం వచ్చిన చోటు అప్పటి భారత ప్రమాణాల పటంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న మొదటి జోన్‌లో ఉంది. 2002లో ఆ ప్రమాణాన్ని సవరించినప్పుడు మొదటి జోన్ అనేదాన్నే తొలగించారు.

ఒక భూకంపం వచ్చిన మరుసటి వారానికి పైన చెప్పిన 50 ఏళ్ల లెక్క పనికిరాదు. అప్పుడు ఒమోరి 1894లో చెప్పినట్లు అనంతర ప్రకంపనల రేటు రోజులు గడిచేకొద్దీ విలోమంగా తగ్గుతుందన్న నియమాన్ని బి-విలువతో కలిపిన రీసెన్‌బర్గ్, జోన్స్ 1989 నమూనా వాడాలి. కాలిఫోర్నియా అనుభవంలో ఒక భూకంపం తర్వాత వారంలోపు అంతకంటే పెద్దది రావడానికి సుమారు 5 శాతం అవకాశం ఉంది. ఆ 5 శాతం కాలిఫోర్నియాది. దాన్ని గోదావరి లోయకు తెచ్చేటప్పుడు ఆ సంగతి పక్కనే రాయాలి.

ఫలితాన్ని రాసే వాక్యంలో ప్రాంతం హద్దు, జాబితా కాలం, సంపూర్ణతా స్థాయి, అనంతర ప్రకంపనలను తీసిన పద్ధతి, గరిష్ఠ మాగ్నిట్యూడ్ అన్నీ ఉండాలి. మన ఊహాత్మక ప్రాంతానికైతే ఇలా: ‘40 ఏళ్ల జాబితాలో 3.0కు మించిన 120 స్వతంత్ర భూకంపాల ఆధారంగా, గరిష్ఠ పరిమితి పెట్టకుండా లెక్కిస్తే, రాబోయే 50 ఏళ్లలో 5.5 లేదా అంతకు మించిన భూకంపం కనీసం ఒకటి వచ్చే సంభావ్యత 40 శాతం. బి-విలువలోని అనిశ్చితి వల్ల ఇది 17 నుంచి 77 శాతం వరకు ఉండవచ్చు.’ వాక్యం పొడవైందని ఎవరైనా చివరి భాగాన్ని కత్తిరించమంటే ఒప్పుకోకండి. తప్పనిసరిగా కుదించాల్సి వస్తే 40ని తీసేసి, 17 నుంచి 77 అన్నదాన్ని ఉంచండి.